లాలాజలం – పంటికి కాపలాదారు

మా ఇంట్లో డిగ్రీ దాటి పై చదువుకు వచ్చినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదివాను. పరీక్ష అయిపోయినా మరిచిపోలేని పాఠం ఒకటుంది. అది మనం రోజూ విలువ లేదనుకుని ఉమ్మేసే లాలాజలం గురించి. అది సరిగ్గా పనిచేయకపోతే ఏమవుతుందో 'సిస్టిక్ ఫైబ్రోసిస్' అనే జబ్బు మనకు చూపిస్తుంది.

లాలాజలం చేసే పని

మన నోట్లోకి లాలాజలాన్ని పంపే పెద్ద గ్రంథులు మూడు జతలు. ఒక జత చెవుల ముందు, ఒక జత కింది దవడ కింద, ఒక జత నాలుక కింద ఉంటాయి. రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులో 99 శాతం నీరే. అసలు మహిమంతా మిగిలిన ఒక్క శాతంలో ఉంది. కూర కలపని అన్నం ముద్దను కాసేపు నమిలి చూడండి, తియ్యగా అనిపిస్తుంది. అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడమే దానికి కారణం. లైసోజైమ్ బాక్టీరియాను చంపుతుంది. బైకార్బనేట్ పులుపును విరిచేస్తుంది. కాల్షియం, ఫాస్ఫేట్ పంటి పైపొర అయిన ఎనామిల్‌ను బాగుచేస్తుంటాయి.

తీపి తిన్నప్పుడు పళ్ళ మీది పాచిలో ఉండే బాక్టీరియా ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి పడితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, నోటిని మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. ఈలోగా మళ్ళీ బిస్కెట్టో చాక్లెట్టో నోట్లో వేసుకుంటే దాని పని మొదటికొస్తుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం.

ఒక్క జన్యువు తప్పితే

సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను 1938లో అమెరికా వైద్యురాలు డొరతీ ఆండర్సన్ వివరంగా వర్ణించారు. దానికి కారణమైన జన్యువును 1989లో కనుగొన్నారు. అది 7వ క్రోమోజోము మీద ఉంటుంది. కణాల పైపొరల్లో క్లోరైడ్, బైకార్బనేట్ రాకపోకలకు ద్వారం లాంటి ఒక ప్రొటీన్‌ను ఆ జన్యువు తయారుచేస్తుంది. ఆ ద్వారం పనిచేయకపోతే ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా చిక్కబడుతుంది. క్లోమం నాళాలు మూసుకుపోయి తిన్నది అరగదు. చెమట మరీ ఉప్పగా ఉంటుంది. చెమటలో క్లోరైడ్ కొలిచే పరీక్షతోనే ఈ జబ్బును గుర్తిస్తారు. లాలాజల గ్రంథుల్లోనూ అదే ద్వారం ఉంది కాబట్టి లాలాజలం గుణం కూడా మారుతుంది.

ఒకప్పుడు ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు బడి వయసు రాకముందే చనిపోయేవారు. ఇప్పుడు మంచి వైద్యం అందే దేశాల్లో చాలామంది నడివయసు దాకా బతుకుతున్నారు. వాళ్ళ పళ్ళ గురించి డాక్టర్లు ఆలోచిస్తున్నారంటే అదే వైద్యశాస్త్రం సాధించిన విజయం. పిల్లల్లో జరిగిన కొన్ని పరిశీలనల్లో ఆశ్చర్యంగా పుచ్చుపళ్ళు తక్కువగా కనిపించాయి. ఏళ్ళ తరబడి వాడే యాంటీబయాటిక్స్ అందుకు ఒక కారణమంటారు. కానీ ఎనామిల్ లోపాలు, పళ్ళకు గార పట్టడం ఎక్కువగా చూశారు. పెద్దయ్యాక వేరే చిక్కులు వస్తాయి. బరువు తగ్గకుండా మాటిమాటికి బలమైన ఆహారం తినాలి. ముక్కు దిబ్బడతో నోటితో గాలి పీల్చాలి. పీల్చే మందులు వాడాలి. వీటివల్ల నోరు ఎండిపోతుంది. అరుగుదలకు ఇచ్చే ఎంజైము గుళికలను నమిలితే నోరు పూస్తుంది. అందుకే వాటిని నమలకుండా మింగమని చెబుతారు.

మనకెందుకు ఈ సంగతి?

ఇది తెల్లవాళ్ళ జబ్బు, మన దేశంలో లేదని చాలాకాలం అనుకున్నారు. ఉంది, కానీ గుర్తించడం ఆలస్యమవుతోంది. ఎడతెగని దగ్గు, బరువు పెరగకపోవడం చూసి టి.బి. అని పొరబడటమూ ఉంది. తల్లి, తండ్రి ఇద్దరి దగ్గరా లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన తెలుగు కుటుంబాల్లో మేనరికాలు ఎక్కువ. ఒకే రక్తంలో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇది ఎవరి పాపమూ కాదు, తల్లిని నిందించాల్సిన పనీ లేదు. పసిబిడ్డను ముద్దు పెట్టుకుంటే మరీ ఉప్పగా తగిలి, దగ్గు కూడా వదలకపోతే పిల్లల డాక్టరుకు ఆ మాట తప్పకుండా చెప్పాలి. అలాంటి బిడ్డకు మన వరంగల్ ఎండల్లో ఒంట్లోని ఉప్పు తగ్గిపోయి ప్రాణం మీదికి రావచ్చు. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి.

మన చేతుల్లో ఉన్నవి

వాళ్ళకు పుట్టుకతోనే లాలాజలంలో తేడా వచ్చింది. మనకు మంచి లాలాజలం ఉచితంగా దొరికింది. దాన్ని కాపాడుకుందాం.

1. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. పొద్దున తోముకున్నా తోముకోకపోయినా, రాత్రి భోజనం తర్వాత తోముకోకుండా పడుకోవద్దు.

2. కాస్మెటిక్ ఛార్జీలు రాగానే ముందు బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు కొనుక్కోండి. ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడొద్దు. వేపపుల్లతో తోముకునేవాళ్ళు చిగుళ్ళు గీరుకుపోకుండా మెల్లగా తోముకోవాలి.

3. స్టడీ అవర్లో గంటకోసారి తీపి నోట్లో వేసుకోవద్దు. నీళ్ళు తాగండి.

4. గుట్కా జోలికి అసలే పోవద్దు. దాన్ని పెట్టుకున్న బుగ్గను ఏ లాలాజలమూ కాపాడలేదు.

5. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు చేసే పరీక్షల్లో పళ్ళు కూడా ఉన్నాయి. డాక్టర్ల బృందం వచ్చిన రోజు సిగ్గుపడి వెనక బెంచీలో దాక్కోకుండా నోరు తెరిచి చూపించండి.

మన ఇళ్ళల్లో పన్ను నొప్పి అంటే పీకించుకోవడమే మందు. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటే పన్ను నిలుస్తుంది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు అమ్మకూ నాన్నకూ చెప్పండి. చదువుకున్న బిడ్డ ఇంటికి మోసుకెళ్ళే మొదటి జీతం ఇలాంటి మాటే.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం), వరంగల్