పాత ఆంప్లిఫయర్‌లో ‘గుంయ్’ శబ్దం – కారణాలు, నివారణ



వార్షికోత్సవం అనగానే మన హాస్టల్ స్టోర్‌రూం నుంచి మొదట బయటికి వచ్చేది పాత ఆంప్లిఫయరే. స్విచ్ వేయగానే పాట కంటే ముందు ‘గుంయ్’ అనే శబ్దం వస్తుంది. మేము ఇక్కడ చదువుకునే రోజుల్లో దాన్ని పోగొట్టబోయి పెద్ద తప్పు చేశాం. అది మీరు చేయకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆ ఏడాది టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కు వైరు కలపగానే గుంయ్ శబ్దం మొదలైంది. మాలో ఒకరు ఆంప్లిఫయర్ ప్లగ్గు విప్పి ఎర్త్ వైరు తీసేశారు. శబ్దం ఆగింది. అందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం రిహార్సల్‌లో తడి చేతులతో మైకు పట్టుకున్న తమ్ముడికి షాక్ కొట్టింది. మైకు కిందపడింది కాబట్టి బతికిపోయాడు. ఆంప్లిఫయర్ లోపల కరెంటు ఇనుప పెట్టెకు తగులుతోంది. ఎర్త్ ఉంటే ఫ్యూజు పోయేది. ఎర్త్ లేనందున ఆ కరెంటు మైకు వైరు ద్వారా తమ్ముడి చేతికి వచ్చింది.

తర్వాత ఐ.టి.ఐ. చదివిన మా సీనియర్ అన్న వచ్చి ముందు లోపలి లోపం సరిచేసి, ఎర్త్ మళ్లీ కలిపాడు. గుంయ్ శబ్దం తిరిగి వచ్చింది. అప్పుడు టీవీ వెనుక కేబుల్ టీవీ వైరు పీకాడు. శబ్దం ఆగింది! కేబుల్ వైరు పైతొడుగుకు ఒకచోట, ఆంప్లిఫయర్‌కు మరోచోట ఎర్త్ ఉంది. రెండింటి మధ్య ఓల్టేజిలో కొద్ది తేడా ఉన్నా ఆడియో వైరు తొడుగులో కరెంటు పారుతుంది. అదే మనకు శబ్దంగా వినిపిస్తుంది. వి.సి.డి. వేసేటప్పుడు కేబుల్ వైరు పీకితే చాలు. టీవీ కార్యక్రమాలే కావాలంటే ఆడియో వైరు మధ్యలో 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఎర్త్ మాత్రం తీయరాదు.

శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి వాల్యూమ్ సున్నాకు తగ్గించి చూడండి. శబ్దం కూడా తగ్గితే అది బయటి వైర్ల నుంచి వస్తోంది. తగ్గకపోతే లోపం సాధారణంగా పవర్ సప్లైలో ఉంటుంది.

కోరుట్లలో మా మిత్రుడి ఇంట్లోని పాత సెట్టు రెండో రకం. మన కరెంటు 230 ఓల్టులు, 50 హెర్ట్జ్. నాలుగు డయోడ్లు దాన్ని డి.సి.గా మార్చినప్పుడు 100 హెర్ట్జ్ అలలు మిగులుతాయి. వాటిని చదును చేసేది ఫిల్టర్ కెపాసిటర్. ఏళ్లు గడిచే కొద్దీ అది లోపల ఎండిపోతుంది. అదే విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఓల్టేజి గలది, ప్లస్ మైనస్ చూసి వేయగానే సెట్టు మళ్లీ బాగా పాడింది.

సిరిసిల్లలో మరమగ్గాల పక్కనే ఉన్న ఇంకో మిత్రుడి ఇంట్లో సంగతి వేరు. అక్కడ మగ్గాల మోటారు స్విచ్ వేసినప్పుడల్లా స్పీకర్‌లో ‘టప్’ మనేది. చూస్తే ఆడియో వైరు, కరెంటు వైరు కలిపి కట్టి ఉన్నాయి. పైగా షీల్డ్ వైరుకు బదులు మామూలు వైరు వాడారు. వైర్లు విడదీసి, తప్పనిచోట అడ్డంగా దాటించి, షీల్డ్ వైరు వేశాం. శబ్దం చాలావరకు పోయింది.

గుర్తుంచుకోవలసినవి:

1. వైర్లు పీకే ముందు, కలిపే ముందు స్విచ్ ఆపాలి.
2. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. తెలిసినవారు పక్కన లేకుండా పెట్టె విప్పరాదు. వాల్వు సెట్లలో వందల ఓల్టులుంటాయి, వాటి జోలికి పోవద్దు.
3. తడి చేతులతో మైకు ముట్టరాదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మేము చదివినప్పుడు ఒకే కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11 నుంచి జిల్లాలు వేరైనా హాస్టల్ స్నేహం వేరు కాలేదు. ఈ ఏడాది స్టేజీ మీద కొద్దిగా గుంయ్ వినిపించినా ఫరవాలేదు తమ్ముళ్లూ, ఎర్త్ మాత్రం ఉండాలి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
– పూర్వ విద్యార్థులు