తాత పెండ్లి

వడమాలపేట దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక తాత. ఇది కథ. ఊరు నిజం, తాత కల్పన.

తాతకు అరవై ఎనిమిదేండ్లు. అవ్వ చనిపోయి ఆరేండ్లయింది. పొద్దున పెద్దకొడుకు ఇంట్లో తింటాడు. రాత్రి చిన్నకొడుకు ఇంట్లో సంగటి. మధ్యాహ్నం ఎవరింట్లో అన్నది ఇంకా తేలలేదు. అందుకని తాత మధ్యాహ్నం టీ తాగి పడుకుంటాడు.

ఒకరోజు తాత మీసాలకు రంగు వేసుకున్నాడు. రంగు మీసాల దగ్గర ఆగలేదు. ముక్కుకు కూడా అంటింది.

"ఏంది మామా ఇది?" అని పెద్దకోడలు అడిగింది.

"పెండ్లి చేసుకుంటా" అన్నాడు తాత.

కోడలి చేతిలో చెంబు కింద పడింది.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ. "ఈ వయసులో పెండ్లేంది నాయనా! ఊరంతా నవ్వుతారు" అన్నాడు చిన్నకొడుకు.

"నవ్వనీ. నాతో మాట్లాడేది ఆ రేడియో ఒకటే. అది కూడా నేను చెప్పేది వినదు."

"దుడ్లు యాడుండాయి?" అన్నాడు పెద్దకొడుకు.

"తిరుమల సామి పెండ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసినాడు. ఈ పొద్దుకీ వడ్డీ కడతానే ఉండాడు. ఆ పెండ్లి జరిగింది యాడ? పుత్తూరు పక్కన నారాయణవనంలోనే కదా! నాకు అంత అప్పు వద్దులే. రెండు దండలు చాలు."

ముసలాయన పెండ్లి అంటే ఎవరికైనా నవ్వే. గురజాడ అప్పారావు రాసిన 'కన్యాశుల్కం' నాటకంలో లుబ్ధావధాన్లు అనే ముసలి పెండ్లికొడుకు ఉన్నాడు. ఆ నాటకం మొదట 1892లో ఆడారు. ఆయన డబ్బిచ్చి చిన్నపిల్లను చేసుకోబోతాడు. పెండ్లికూతురి వేషంలో వచ్చింది మగపిల్లాడు! కానీ ఆ నవ్వు వెనుక ఏడుపుంది. ఆ రోజుల్లో ముసలివాళ్లకు కట్టబెట్టిన ఆడపిల్లలు చిన్నతనంలోనే విధవలయ్యేవారు. వాళ్లు మళ్లీ పెండ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది మాత్రం 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో. చట్టం వచ్చిన ఇరవై అయిదేండ్లకు!

మన తాత చూసుకున్నది చిన్నపిల్లను కాదు. అరవై ఏండ్ల అవ్వను. భర్త పోయి పదేండ్లయింది. తాతకు చెయ్యి విరిగినప్పుడు పుత్తూరు కట్టు కట్టించుకోను పోయినాడు. ఆమె కూడా అక్కడే ఉంది. ఆయనకు చెయ్యి, ఆమెకు కాలు. అట్లా మాటలు కలిశాయి.

అవ్వ కొడుకు మాత్రం గట్టిగా అడ్డుపడ్డాడు. "నువ్వు పెండ్లి చేసుకుంటే మా నాయన ఇచ్చిపోయిన మామిడితోట నీకు దక్కదు" అని బెదిరించాడు.

అవ్వ భయపడింది. రెండు రాత్రులు నిద్ర పోలేదు. మూడోరోజు తిరుపతిలో వకీలును అడిగింది. భర్త చనిపోయినప్పుడు భార్యకు వచ్చిన వాటా ఆమె సొంత ఆస్తి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఈ హక్కు ఇచ్చింది. తరువాత ఆమె మళ్లీ పెండ్లి చేసుకున్నా ఆ వాటా పోదు. ఇక వయసు సంగతి. పెండ్లికి ఆడవారికి 18, మగవారికి 21 ఏండ్లు నిండాలి. ఇన్నేండ్లు దాటితే చేసుకోకూడదని ఏ చట్టంలోనూ లేదు. హైదరాబాదులో అయితే పెద్ద వయసులో ఒంటరిగా ఉన్నవాళ్లకు తోడు వెతికి పెట్టేదానికి 2010లో 'తోడు నీడ' అనే సంస్థే పెట్టారు.

అవ్వ తిరిగొచ్చి తాతకు ఒక షరతు పెట్టింది.

"నీకు వండిపెట్టేదానికి నేను రాను. నా కాలు సగమే పని చేస్తుంది. మధ్యాహ్నం వంట నువ్వే చెయ్యాల. ఆ మీసాల రంగు కూడా వద్దు."

తాత సంగటి కెలకడం నేర్చుకున్నాడు. మొదటిరోజు ముద్ద గోడకు కొట్టినా పగిలేటట్టు లేదు. కోడళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తరువాత పెద్దకోడలే వచ్చి గరిటె పట్టుకోవడం చూపించింది.

అప్పలాయగుంట గుడి దగ్గర రెండు దండలతో పెండ్లి అయింది. రెండు ఇండ్ల పిల్లలూ వచ్చారు. అవ్వ కొడుకు ఆలస్యంగా వచ్చాడు, ముందుగా భోజనానికి కూర్చున్నాడు.

తరువాత రిజిస్టరు ఆఫీసు. గుమాస్తా అవ్వ ముందుకు సిరా డబ్బా జరిపాడు. అవ్వ దాన్ని వెనక్కు తోసింది. పెన్ను అడిగింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పూర్తి పేరు రాసింది.

తాత వంతు వచ్చింది. ఆయన సిరా డబ్బాలో వేలు పెట్టాడు. వేలిముద్ర వేసి, సిగ్గుపడి మీసం తడుముకున్నాడు. మీసానికి మళ్లీ రంగు అంటింది.