తెల్లకణాల సూది పడ్డాక మచ్చలొస్తే

చెల్లీ, మీ అత్తగారి సూది సంగతి ఫోన్లో తేలేది కాదు, అందుకే వివరంగా రాస్తున్నా. మన తాల్‌బగీచా పేటలో కాళ్ళ మీద ఎర్రమచ్చ కనబడితే ముందు వేడి చేసిందంటారు, ఆ తర్వాత దోమ కుట్టిందంటారు. వాస్క్యులైటిస్ ఉన్న మనిషికి ఆ మాట చెప్పి ఊరుకోకూడదు.

ఆ జబ్బులో ఒంటిని కాపాడాల్సిన కణాలే రక్తనాళాల మీద పడతాయి. వాటిని అణచడానికి సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందు ఇస్తే ఒక్కోసారి తెల్లకణాలు మరీ పడిపోతాయి. అప్పుడు జ్వరమొస్తే ప్రాణం మీదికే వస్తుంది, అందుకని ఫిల్‌గ్రాస్టిమ్ సూది వేస్తారు. అమెరికాలో 1991లో అనుమతి వచ్చిన మందది, క్యాన్సర్ వార్డుల్లో ఎందరినో గట్టెక్కించింది. నేను దాన్ని తిట్టను. కానీ అది ఎముక మజ్జలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలని నెత్తుట్లోకి తోలడమే కాదు, వాటిని రెచ్చగొడుతుంది కూడా. నాళం ముందే వాచి ఉంటే నిప్పులో కిరసనాయిలు పోసినట్టే. తెల్లకణాల కౌంటు పెరిగిందని ఇంటిల్లిపాదీ సంబరపడే రోజుల్లోనే మచ్చలు పొడుస్తాయి. నా గుబులంతా అదే.

పిక్క మీది మచ్చని గాజుగ్లాసుతో అదిమి చూడు. మామూలు ఎరుపైతే పాలిపోతుంది. వాస్క్యులైటిస్ మచ్చయితే ఊదాగానే ఉంటుంది, వేలితో తడిమితే ఉబ్బు చేతికి తగులుతుంది. అలా ఉంటే ఆ రోజే డాక్టరుకి చూపించు. సూది ఆపాలా, మోతాదు తగ్గించాలా అన్నది ఆయన చూసుకుంటారు. కౌంటు దిగాక ఈ మచ్చలు చాలామందిలో తగ్గుతాయి. జబ్బుకి వాడుతున్న స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు మానిపించకండి. అరుదుగా పెద్ద నాళాలూ వాస్తాయి. జపాను 2018లో ఈ రకం మందుల హెచ్చరికల్లో ఆ సంగతి చేర్చింది. జ్వరం, కడుపునొప్పి, నడుంనొప్పి కలిసొస్తే అదీ అనుమానించాలి.

ఇంకోటి. మనవాళ్ళు ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో మొదలెట్టి, గార్డెన్‌రీచ్‌లోని పెద్ద రైల్వే ఆసుపత్రికి వెళ్ళి, ఆఖరికి వెల్లూరు రైలెక్కుతారు. ప్రతిచోటా కొత్త డాక్టరే. సూది పేరు, వేసిన తేదీ, ఆనాటి కౌంటు, మచ్చ కనబడిన రోజు ఒక్క కాగితం మీద రాసి ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టు. ఖాళీ పెట్టె కూడా పారేయకు.

మూత్రం ఎర్రబడినా, దగ్గులో రక్తం పడినా, ఊపిరాడకపోయినా, పాదం లేవక వేలాడినా తెల్లారేదాకా చూడొద్దమ్మా. ఆ రాత్రే తీసుకెళ్ళు, తోడు కావాలంటే నాకు ఫోన్ చెయ్యి.