వైరు కొనే ముందు ఒక గుణకారం

ఉద్దానం కొబ్బరితోటలో మోటారు తిరక్కుండా మూలిగినా, చీపురుపల్లిలో గీజరు నీళ్లు గోరువెచ్చగానే దిగినా ముందు నింద పడేది వస్తువు మీద. చాలాసార్లు లోపం దానిది కాదు, దాని దాకా చేరే వోల్టేజీది. తేల్చుకోవడానికి రెండు లెక్కలు చాలు. వోల్టులను ఆంపులతో గుణిస్తే వాట్లు, భాగిస్తే ఓములు, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు. రెండోది జర్మనీలో లెక్కల మాస్టారు ఓమ్ 1827లో అచ్చువేసిన సూత్రమే.

1. వస్తువు వెనక అంటించిన రేకు చదవండి. గీజరు మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉంటే 2000ని 230తో భాగించండి. 8.7 ఆంపులు. చిన్న ప్లగ్గు 6 ఆంపులది, అంటే 1380 వాట్లకు మించి మోయలేదు. గీజరుకు 16 ఆంపుల ప్లగ్గే ఉండాలి.

2. కాయిల్ బాగుందో లేదో ఓములే చెబుతాయి. 230ని 8.7తో భాగిస్తే 26 చిల్లర. ప్లగ్గు పూర్తిగా తీసేసి, గీజరు చల్లారాక, మల్టీమీటరు రెండు పుల్లలూ కాయిల్ కొసలకు ఆనిస్తే దాదాపు అంతే చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టే. పాత గాజు బల్బుకు ఈ పరీక్ష పనికిరాదు. 60 వాట్ల బల్బు వెలిగేటప్పుడు సుమారు 880 ఓములు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. ఎల్‌ఈడీలకు, మోటార్లకు కూడా ఇలా భాగించి చూడొద్దు.

3. వోల్టేజీ 180కి పడిపోయిన సాయంత్రం అదే గీజరు 6.8 ఆంపులే లాగుతుంది. 180తో గుణించండి: దాదాపు 1225 వాట్లు. అయిదో వంతు వోల్టేజీ పోతే అయిదు వంతుల్లో రెండు వంతుల వేడి పోయింది! బిల్లు మాత్రం తగ్గదు, నీళ్లు కాగడానికి అంత ఎక్కువసేపు పడుతుంది. మోటారు తీరు వేరు. లోడు లాగాలి కాబట్టి వోల్టేజీ తగ్గేకొద్దీ ఎక్కువ ఆంపులు తీసుకుంటుంది, వైండింగు కాలుతుంది. అలాంటి వేళ మోటారు వేయకండి.

4. అసలు డబ్బు పోయేది వైరు దగ్గర. ఇంటికి 100 మీటర్ల దూరంలో బోరు, ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అనుకుందాం. రానూ పోనూ 200 మీటర్లకు దాదాపు ఒకటిన్నర ఓము. నడిచేటప్పుడు మోటారు 7 ఆంపులు లాగితే 10 వోల్టులు దారిలోనే పోతాయి. స్టార్టయ్యే క్షణంలో అయిదింతలు, అంటే 35 ఆంపులు లాగితే 52 వోల్టులు! ఇంటి దగ్గర 200 ఉంటే మోటారుకు అందేది 150 లోపే. మోటారు మూలిగేది అందుకే. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 32 వోల్టులే. చవకని అదే మందం అల్యూమినియం వైరు కొంటే నష్టం రాగికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. షాపులో మీటరు ధర అడిగే ముందు ఈ గుణకారం చేయండి.

5. కరెంటు మీటరు మీద 3200 అని ఉంటే, దాని ఎర్రలైటు 3200 సార్లు కొట్టుకుంటే ఒక యూనిట్. నిమిషంలో 40 సార్లు కొట్టుకుంటే ఆ క్షణాన ఇంట్లో 750 వాట్లు నడుస్తున్నాయి. అన్నీ ఆపేసినా లైటు కొట్టుకుంటూంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

6. భావనపాడు, బారువ వంటి తీరపు ఊళ్లలో ఇసుక నేల ఎండితే ఎర్తింగ్ దెబ్బతింటుంది. ఎర్తింగ్ గుంత అడ్డు 5 ఓములు ఉంటే, ఫ్రిజ్ రేకుకు కరెంటు తగలగానే 46 ఆంపులు భూమిలోకి పారి ఫ్యూజు కొట్టేస్తుంది. 50 ఓములైతే పారేది 4.6 ఆంపులే. ఫ్యూజు అలాగే ఉంటుంది, రేకులో కరెంటూ ఉంటుంది. ఎండాకాలం గుంతలో నీళ్లు పోయించండి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) తప్పక పెట్టించండి. తడిసిన ఒంటికి వెయ్యి ఓములే అనుకున్నా 230 వోల్టుల దగ్గర 230 మిల్లీ ఆంపులు పారతాయి. ప్రాణం తీయడానికి అంత అక్కర్లేదు.

7. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు వరసగా పడిపోయి ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు తెగిపడ్డ తీగ దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చేయండి. జనరేటరు తెచ్చుకుంటే దాన్ని ఇంటి ప్లగ్గులో గుచ్చొద్దు, కావలసిన వస్తువును నేరుగా జనరేటరుకే తగిలించండి. లేదంటే ఆ కరెంటు వెనక్కి నడిచి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులై, లైను బాగుచేయడానికి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు తగులుతుంది.