ఆఫీసు పనిమీద బెజవాడ వెళ్తే: నలుగురితో కలిసి తినేటప్పుడు చేయవలసినవి - చేయకూడనివి

ఆఫీసు పనిమీద ఊరెళ్లిన మనిషి పగలంతా మీటింగుల్లో కూర్చుని, రాత్రి హోటల్ గదిలో ఒంటరిగా యాప్‌లో తెప్పించుకున్న చపాతీ తిని పడుకుంటే ఆ ప్రయాణం సగమే అయినట్టు లెక్క. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లి, ఒకప్పుడు పక్క సీట్లో కూర్చుని ఇప్పుడు అక్కడికి బదిలీ అయిన మనిషిని పలకరించకుండా, గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ గానీ, ఉలవచారు గానీ, గోంగూర గానీ రుచి చూడకుండా తిరుగు రైలెక్కడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఈమెయిళ్లలో నెలల తరబడి నలిగిన విషయం పక్కపక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినేలోపు తేలిపోవడం ఉద్యోగాలు చేసేవాళ్లందరికీ తెలుసు. అందుకే ఇక్కడ రాసిన జాగ్రత్తలన్నీ నిర్భయంగా బయట తినడానికే.

ఇలాంటి ప్రయాణాల్లో మనుషుల్ని మంచాన పడేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి, వండాక చాలాసేపు నిలవున్న తిండి. రెండోది మొహమాటం. తిండి శుభ్రత గురించి అందరూ చెబుతారు. మొహమాటం గురించి ఎవరూ చెప్పరు. పడదని తెలిసీ తినడం, వద్దనుకుంటూనే గ్లాసు అందుకోవడం, తాగినవాడి కారెక్కడం అన్నీ దాని వల్లే.

బయల్దేరే ముందు

ఎవరికి ఏది పడదో వాట్సాప్ గ్రూపులో ముందే అడగండి, మీకు పడనిదీ చెప్పండి. ఒకరు శనివారం మాంసం ముట్టరు, ఒకరికి కార్తీకమాసం, ఒకరికి రంజాన్ ఉపవాసం, ఇంకొకరికి రొయ్యలు తింటే దద్దుర్లు. ఇవన్నీ ముందే తెలిస్తే హోటల్ ఎంచుకోవడం సులువు. బల్ల దగ్గర కారణాలు ఆరా తీయాల్సిన పనీ ఉండదు.

పల్లీలు పడనివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మన వంటల్లో పల్లీ కంటికి కనిపించకుండా దూరుతుంది. ఇడ్లీ చట్నీలో, గుత్తి వంకాయ మసాలాలో, కొన్ని కారప్పొడుల్లో, ఒక్కోచోట నూనెలో కూడా ఉంటుంది. వడ్డించే కుర్రాడు “లేదు సార్” అంటే సరిపెట్టుకోకండి, వంటాయన్ని అడిగించండి. “కొంచెమే కదా, ఏం కాదులే” అని పక్కవాళ్లు అంటే వినకండి. ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లకు ఆ కొంచెమే ప్రాణం మీదికి తెస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఆఫీసు విందు ఎనిమిదింటికి అంటారు, మొదటి ముద్ద నోట్లోకి వెళ్లేసరికి పదిన్నర అవుతుంది. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను గడియారం చూసి కాకుండా విస్తరి చూసి వేసుకోవాలి. ఆలస్యమైనప్పుడు ఏం చేయాలో బయల్దేరేముందే మీ డాక్టర్ని అడిగి తెలుసుకోండి. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి. షుగర్ పడిపోయి చెమటలు పట్టినా, చేతులు వణికినా ఏం చేయాలో పక్కన కూర్చున్న మనిషికి తెలిసుండాలి.

మందులు, డాక్టరు చీటీ, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతిసంచిలో పెట్టుకోండి. డిక్కీలో ఉన్న పెద్ద బ్యాగులో పెడితే అవసరానికి అందవు.

రెండు రోజుల పని ఉంటే అసలు విందు రెండో రోజు సాయంత్రానికి పెట్టుకోండి. ముఖ్యమైన మీటింగుకు ముందురోజు రాత్రి ఉలవచారు బిర్యానీ, గోంగూర మాంసం, పైన జున్ను తిని పొద్దున్నే ప్రెజెంటేషన్ ఇవ్వాలనుకోకండి. మొదటి రాత్రికి వేడి వేడి ఇడ్లీ చాలు. బెజవాడలో అది తక్కువ తిండేమీ కాదు.

పునుగుల బండి దగ్గర

సాయంత్రం ఆరు దాటాక బెజవాడ వీధుల్లో పునుగుల బండి చుట్టూ మూగే జనాన్ని చూశాక దూరంగా నిలబడటం కష్టం. నిలబడనక్కర్లేదు కూడా. మూకుడులో నూనె సలసల మరుగుతూ ఉంటుంది. పిండి అందులో పడి, పైకి తేలి, ఎర్రబడి, జల్లిగరిటెలోంచి నేరుగా మీ ప్లేటులోకి వస్తుంది. ఆ వేడికి క్రిములు బతకవు. మీరు చూడాల్సింది పునుగు పక్కన ఉన్న పచ్చడిని. మధ్యాహ్నం రుబ్బి, పలచగా నీళ్లు కలిపి, స్టీలు బకెట్లో పోసి, మే నెల ఎండలో మూత లేకుండా పెట్టిన పచ్చడే కడుపు పాడుచేస్తుంది. ముందే తరిగి పెట్టిన ఉల్లిపాయ ముక్కలూ అంతే. బండాయనతో “బాబాయ్, పచ్చడి వద్దు, కారప్పొడి చల్లు” అనండి. ఆయనేమీ అనుకోడు.

ప్లేట్లు ఎలా కడుగుతున్నారో కూడా చూడండి. ఒకే బకెట్టు నీళ్లలో ముంచి తీసి తుడిచేస్తుంటే విస్తరాకు దొన్నె గానీ, కాగితం ప్లేటు గానీ అడగండి. వార్తాపత్రిక ముక్కలో పెట్టిస్తే మాత్రం తీసుకోకండి. తినేవాటిని అందులో చుట్టడాన్ని 2018 ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి. అచ్చు సిరాలోని రసాయనాలు వేడి నూనె తగలగానే తిండికి అంటుకుంటాయి.

నల్లబడి, పొగలు కక్కుతూ, ఘాటుగా వాసన వేసే నూనె కనిపిస్తే ఆ బండి వదిలేసి పక్క బండికి వెళ్లండి. బెజవాడలో పక్క బండికి కరువు లేదు.

కారం, నీళ్లు

గుంటూరు వైపు పని పడితే కారం సంగతి ముందే అనుకోండి. దేశంలోని పెద్ద మిర్చి యార్డు ఉన్న ఊరు అది. అక్కడి వంటింట్లో కారం చేయి వేరు. నోరు మండినప్పుడు మంచినీళ్లు తాగితే మంట పోదు, ఎందుకంటే మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కారప్పొడి అన్నంలో నెయ్యి వేసుకోవడం, చివర్లో గడ్డపెరుగు పోసుకోవడం వెనకున్న తెలివి అదే. అల్సర్, మూలశంక ఉన్నవాళ్లు పంతానికి పోకండి. ఉత్తరాది నుంచో, విదేశాల నుంచో వచ్చిన సహోద్యోగి మీతో ఉంటే “మా కారం తిని చూపించు” అని సవాలు చేయకండి. ముందు ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ కొసరుగా పెట్టండి. మన వంట మీద ప్రేమ పుట్టడానికి అదే దారి.

నీళ్ల సీసా మూత సీలు మీ ఎదుటే తెరవాలి. సీలు ఊడిన సీసా తిప్పి పంపేయండి. చెరకు రసంలో, నిమ్మసోడాలో వేసే ఐసు ఎక్కడిదో తెలియకపోతే ఐసు లేకుండా అడగండి. వేడి వేడి టీకి ఈ బెంగ లేదు.

మెస్సు భోజనం, మండి, మిగిలిన బిర్యానీ

ఏ హోటల్‌కి వెళ్లాలో తెలియనప్పుడు ఆ ఊళ్లో ఉన్న సహోద్యోగినే అడగండి. రేటింగుల కన్నా రోజూ తినే మనిషి మాట నమ్మకం. జనం కిటకిటలాడే మెస్సులో గిన్నెలు గంటగంటకీ ఖాళీ అవుతుంటాయి, మళ్లీ వండుతుంటారు, నిలవుండే ప్రశ్నే రాదు. పెద్ద హోటల్ బఫేలో తళతళలాడే గిన్నె కింద దీపం ఆరిపోయి గంటైనా ఎవరూ చూడకపోవచ్చు. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగా గానీ, 5 డిగ్రీల లోపు చల్లగా గానీ ఉండాలి. ఆ రెండింటి మధ్య వేడిలో క్రిములు జోరుగా పెరుగుతాయి. థర్మామీటర్ అక్కర్లేదు, గరిటె తిప్పితే ఆవిరి రావాలి.

నలుగురైదుగురు చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తినే మండి ఇప్పుడు ఆఫీసు బృందాలకు ఇష్టమైన విందు. చేతులు సబ్బుతో కడుక్కోవడం ఇక్కడ ఒకరి కోసం ఒకరు చేసే మర్యాద. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు తమ వాటా వేరే ప్లేట్లో పెట్టించుకోవాలి. దాంతో ఇచ్చే మయొనైజ్ గురించి అడగండి. పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక మహిళ చనిపోయి, మరెందరో ఆస్పత్రి పాలైన తర్వాత తీసుకున్న నిర్ణయం అది. గుడ్డుతో చేశారో లేదో చెప్పలేకపోతే ఆ గిన్నె పక్కకు జరిపేయండి.

మిగిలిన బిర్యానీ పొట్లం కట్టించుకుని గదికి తెచ్చుకుని, ఏసీలోనే ఉందిగా అని పొద్దున్నే తినకండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. వండిన అన్నంలో చావకుండా మిగిలే ఒక రకం బాక్టీరియా గది వేడిలో విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాసన రాకపోవచ్చు, రుచి మారకపోవచ్చు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరని అన్నం మీద ఆశ వదులుకోండి. పారేయడానికి మనసొప్పకపోతే వేడిగా ఉండగానే, హోటల్ నుంచి బయటికి రాగానే, ఆకలిగా ఉన్నవాళ్లకు ఇవ్వండి.

చేపల పులుసు తినేటప్పుడు మాటలు తగ్గించండి. గోదావరి జిల్లాల్లో పని పడి, వానాకాలంలో పులస దొరికిందంటే అదృష్టమే గానీ, దాన్నిండా సన్న ముళ్లే. పాత ముచ్చట్లకు నవ్వుతూ చేప తింటే ముల్లు గొంతులో దిగుతుంది. దిగితే అన్నం ముద్ద, అరటిపండు మింగి కిందికి తోయాలని చూడకండి, ఇంకా లోతుకు గుచ్చుకుంటుంది. నేరుగా చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గ్లాసు, కారు, గది

“ఒక్క పెగ్గేగా, మాకోసం” అని బతిమాలేవాళ్లు ప్రతి బృందంలో ఉంటారు. “వద్దన్నా, మందులు వాడుతున్నాను” అంటే చాలు. నిజానికి “వద్దు” అన్నా చాలాలి. బల్ల దగ్గర పెద్దగా ఉన్న అధికారి చేయగల మంచి పని ఒకటుంది. ఎవరి గ్లాసు సంగతీ ఎత్తకుండా మజ్జిగ, సోడా, నిమ్మరసం కూడా అంతే దర్జాగా తెప్పించాలి.

తాగినవాళ్లు స్టీరింగ్ పట్టకూడదు, పట్టనివ్వకూడదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఊరు కొత్త, రాత్రి, హైవే, పైగా బయట లారీల రొద. క్యాబులు ముందే మాట్లాడి పెట్టుకోండి. తాగి పిలిచినవాడు సీనియరైనా, పాత స్నేహితుడైనా ఆ కారెక్కకండి.

ఆఫీసు పనిమీద వెళ్లిన ఊరు, ఆ హోటల్, సంస్థ ఏర్పాటు చేసిన కారు అన్నీ కార్యాలయం కిందికే వస్తాయని పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లోనే చెప్పింది. “ఆఫీసు బయట కదా” అన్న సాకు చెల్లదు. మాట్లాడుకోవాల్సింది ఉంటే లాబీలో కూర్చోండి, రాత్రిపూట సహోద్యోగిని గదికి పిలవకండి. మహిళా సహోద్యోగులు క్యాబ్ నంబరు, లొకేషన్ ఇంట్లోవాళ్లకో, బృందంలో నమ్మకమైనవాళ్లకో పంపాలి. మిగిలినవాళ్లు ఆమె గదికి చేరినట్టు మెసేజ్ వచ్చేదాకా మెలకువగా ఉండాలి. ఆపద వస్తే 112.

ఇక మాటల విషయం. పక్క బల్ల మీద ఎవరున్నారో మనకు తెలియదు. టెండర్ రేట్లు, జీతాలు, క్లయింట్ల పేర్లు, లేనివాళ్ల మీద చాడీలు వద్దు. పిల్లల చదువులు, కట్టుకుంటున్న ఇల్లు, అమ్మానాన్నల ఆరోగ్యం, మీతో కలిసి పనిచేసి రిటైరైన పెద్దాయన ఇప్పుడెక్కడున్నారన్న సంగతి మాట్లాడుకోవడానికి రాత్రంతా సరిపోదు.

తేడా చేస్తే

విరేచనాలు మొదలైతే మొదటి పని ఓఆర్ఎస్ తాగడం. పెద్ద ప్యాకెట్టుకు లీటరు నీళ్లు, చిన్నదానికి 200 మిల్లీలీటర్లు. ప్యాకెట్టు మీద ఎంత రాసుంటే అంతే కలపాలి, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేసుకోండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. కొట్లో రంగురంగుల డబ్బా పానీయం చూసి అదే ఓఆర్ఎస్ అనుకోకండి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది.

జ్వరం వచ్చినా, రక్తం పడినా విరేచనాలు కట్టే బిళ్లలు సొంతంగా వేసుకోకండి. ఏదీ కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గినా, మాట తడబడినా గదిలో ఓర్చుకుంటూ పడుకోకుండా 108కి ఫోన్ చేయండి. పొద్దున్న మీటింగ్ ఉందని దాచకండి.

బిల్లు పారేయకండి. దాని మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటుంది, ఫిర్యాదుకు అదే ఆధారం. అన్నిటికన్నా ముందు, మీతో ఆ పూట తిన్నవాళ్లందరికీ ఫోన్ చేసి సంగతి చెప్పండి. విందు ఇచ్చిన మనిషి నొచ్చుకుంటాడేమోనని ఆగకండి. ఆయన ఇంటికి అదే పొట్లం కట్టించుకుని వెళ్లుంటే, ఫ్రిజ్‌లో ఉన్నది పిల్లలు తినేలోపు చెప్పాలి.