ఒకే భాషలో ఏడు వారాలు: పోర్చుగీసు వేసవి బడి మనకు చెప్పే పాఠం



కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. కాలేజీకి వచ్చేసరికి ఇంగ్లీషును చూసి వెనక్కి తగ్గుతారు. "మాకు భాషలు రావండీ" అంటారు. ఈ భయం వల్ల మార్కులున్నా ఇంటర్వ్యూలో నోరు విప్పలేక మంచి అవకాశాలు పోగొట్టుకునేవారు ఉన్నారు. ఆ భయానికి ఆధారం లేదని చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం. ఇందుకు ఎంతో దూరాన ఉన్న ఒక బడిని ఉదాహరణగా తీసుకుందాం.

1. సంతకం చేసి చేరే బడి

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మిడిల్‌బరీ కాలేజీ ఉంది. అక్కడ 1915లో జర్మన్ భాషకు వేసవి బడి పెట్టారు. తరువాత ఫ్రెంచి, స్పానిష్ వంటి భాషలు ఒక్కొక్కటిగా చేరాయి. 2003లో పోర్చుగీసు చేరింది. దాని చదువు ఏడు వారాలు. చేరేవారు ఒక ప్రమాణపత్రం మీద సంతకం చేస్తారు. చదువు ముగిసేదాకా నేర్చుకునే భాషలోనే మాట్లాడతాం, వింటాం, చదువుతాం, రాస్తాం అన్నదే ఆ ప్రమాణం.

తరగతి గదిలో ఇది పెద్ద కష్టం కాదు. అసలు పరీక్ష భోజనాల దగ్గర మొదలవుతుంది. ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి తింటారు. ఉప్పు కావాలన్నా, తలనొప్పిగా ఉందన్నా పోర్చుగీసులోనే చెప్పాలి. సాయంత్రం ఆటలు, పాటలు, సినిమాలు కూడా ఆ భాషలోనే. రాత్రి గదిలో తోటి విద్యార్థితో కబుర్లూ అంతే.

ఇలాంటి బడిలో మొదటి రోజులు కష్టంగానే గడుస్తాయి. తన భాషలో చక్కగా వాదించగల మనిషి నాలుగేళ్ల పిల్లవాడిలా మాటలు కూడబలుక్కోవాలి. జోకు వేయాలంటే మాట దొరకదు. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియదు. అయినా వేరే దారి లేదు కాబట్టి ఉన్న పది మాటలతోనే పని జరుపుకుంటాడు. ఆ పదీ నెమ్మదిగా వంద అవుతాయి. తప్పు మాట్లాడినా పని జరుగుతుందని తెలిసిన రోజున సిగ్గు పోతుంది. సిగ్గు పోయాక భాష తొందరగా వస్తుంది.

2. ఇది మనకు కొత్తదా?

ఇప్పుడు మీ బాల్యం గుర్తు చేసుకోండి. ఇంట్లో "నైనా", "అవ్వా" అంటూ పెరిగిన బిడ్డను అయిదో ఏట తమిళ బడిలో కూర్చోబెట్టారు. అక్కడ పాఠం తమిళం, ఆట తమిళం, తిట్టు కూడా తమిళమే. మీరు ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. అయినా ఏడాది తిరిగేసరికి మాట్లాడేశారు. మిడిల్‌బరీలో డబ్బు కట్టి వెతుక్కునే అనుభవం మీకు ఊరికే దొరికింది. రెండో భాషను ఒకసారి గెలిచినవారికి మూడోది రాదనడం సరికాదు.

దీనికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. బడి చదువు కొద్దిగానే సాగింది. అయినా మన కరిసల్ నేల మాటలతో తమిళంలో కథలు, నవలలు రాశారు. ఆ మాటలకు ఒక నిఘంటువు కూడా కూర్చారు. ఆంధ్రదేశం నుంచి దక్షిణానికి వలస వచ్చిన తెలుగువారి కథే ఆయన నవల 'గోపల్ల గ్రామం'. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో ఆయన కన్నుమూశారు. ఇంటి తెలుగు ఆయన తమిళానికి అడ్డు రాలేదు.

3. పోర్చుగీసు మనకు అంత దూరమా?

కాదు. మన జిల్లా తీరానికే పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో వచ్చారు. తామ్రపర్ణి సముద్రంలో కలిసే చోట ఉన్న పున్నైక్కాయల్‌లో హెన్రిక్ హెన్రికెస్ అనే పాదిరి ఉండేవారు. ఆయన జనం మధ్య ఉండి తమిళం నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం రాశారు. 1578లో కొల్లంలో అచ్చయిన ఆయన 'తంబిరాన్ వణక్కం' తమిళ లిపిలో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఒకటి.

వాళ్ల మాటలు ఇప్పటికీ మన నోట ఉన్నాయి. మనం తమిళంలో జన్నల్ అనే కిటికీ వాళ్లకు 'జనెలా'. సావి వాళ్లకు 'షావి', మేస్త్రీ 'మెస్త్రి', తువాలు 'తొఆల్యా', పీపా 'పీపా'యే. సంతలో పాడే ఏలం కూడా వాళ్ల 'లెయిలావ్' నుంచి వచ్చిందే.

వ్యాకరణంలోనూ ఒక చుట్టరికం కనిపిస్తుంది. "వస్తాను, వస్తావు, వస్తాము" అంటే ఎవరో వేరే చెప్పనక్కరలేదు, క్రియ చివరే చెబుతుంది. పోర్చుగీసులోనూ 'ఫాలు' అంటే మాట్లాడతాను, 'ఫాలస్' అంటే మాట్లాడతావు, 'ఫలాముస్' అంటే మాట్లాడతాము. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి తికమకగా ఉండే ఈ విషయం తెలుగు బిడ్డకు సులువు.

బ్రెజిల్, పోర్చుగల్, అంగోలా, మొజాంబిక్ దేశాల్లో ఇది అధికార భాష. మన దేశంలో గోవా విశ్వవిద్యాలయంలోనూ, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనూ పోర్చుగీసు చదవవచ్చు.

4. ఇంటి దగ్గర ఏం చేయాలి?

అమెరికా వెళ్లనక్కరలేదు. ఏ భాషకైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

అ) నలుగురు స్నేహితులు కలవండి. సెలవుల్లో రోజుకు ఒక గంట ఎంచుకుని, ఆ గంటలో నేర్చుకునే భాష తప్ప వేరే మాట రాకూడదని కాగితం మీద రాసి సంతకం చేయండి.

ఆ) మాట తెలియకపోతే సైగ చేయండి, తెలిసిన మాటలతో చుట్టి చెప్పండి. భాష మాత్రం మార్చవద్దు.

ఇ) తప్పును చూసి నవ్వకండి. గంట ముగిశాక సరిదిద్దండి.

ఈ) ఆ రోజు అవసరపడి దొరకని అయిదు మాటలు నోటుబుక్కులో రాసుకోండి. వాటిని మరునాడు వాడండి.

5. చివరిగా ఒక మాట

ఈ పాఠంలో తల్లిదండ్రులకూ పని ఉంది. చుట్టూ ఉన్న భాష ఎలా వస్తుందో, చుట్టూ లేని భాష అలాగే పోతుంది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. కొన్ని ఇళ్లలో అవ్వ తెలుగులో అడిగితే మనవడు తమిళంలో జవాబు చెబుతున్నాడు. కొత్త భాష రావడానికి పాతది పోనక్కరలేదు. రాత్రి భోజనం వేళ ఒక్క గంట ఇంటిల్లిపాదీ తెలుగే మాట్లాడాలని ఇంట్లోనూ ఒక ప్రమాణం పెట్టుకోండి. అక్షరాలు ఈ వేసవిలోనే మొదలుపెట్టండి. మన పిల్లలు నాలుగు భాషల్లో ధైర్యంగా మాట్లాడాలి. అందులో మొదటిది అమ్మ భాష కావాలి.

అభ్యాసం

1. మీ ఇంట్లో వాడే పోర్చుగీసు మాటలు మరో రెండు కనుక్కోండి.
2. మీరు తమిళం ఎలా నేర్చుకున్నారో తెలుగులో పది వాక్యాలు రాయండి. లిపి రాకపోతే పెద్దలకు చెప్పి రాయించండి.
3. వారం రోజులు 'ఒక్క భాష గంట' పాటించి, ఏ రోజు ఏ మాట దగ్గర ఆగిపోయారో పట్టిక వేయండి.