చందమామ ఎంత దూరం?

పౌర్ణమి రాత్రి. చదువుల కేంద్రం అరుగు మీద ఆడవాళ్లంతా కూర్చున్నారు. తుమ్మచెట్ల వెనక నుంచి చందమామ పైకి వస్తున్నాడు. ఇత్తడి తాంబాళమంత కనిపిస్తున్నాడు.

“ఈ దినం చందమామ బాగ దగ్గరికొచ్చిండు. అట్ల వస్తే మంచిది కాదంటరు” అన్నది పెద్దవ్వ.

అవ్వ మనుమరాలికి ఆరో నెల. ఆ మాట వినగానే కొంగు కప్పుకుంది. లేచి లోపలికి పోయింది.

చదువు చెప్పే అమ్మాయి అది చూసింది.

“అవ్వా, చెయ్యి బారుగా చాపు. చిటికెన వేలు చందమామకు అడ్డం పెట్టు.”

అవ్వ పెట్టింది. అంత పెద్ద చందమామ వేలి గోరు వెనక దాగిపోయాడు.

“నడినెత్తి మీదికి వచ్చినంక మళ్లీ పెట్టి చూడు. అప్పుడూ అంతే ఉంటాడు. చెట్ల పక్కన పెద్దగా కనిపించడం మన కంటి భ్రమ” అన్నది అమ్మాయి.

“మరి అసలు ఎంత దూరం ఉన్నడు?” అని ఒకామె అడిగింది.

అమ్మాయి అడుగు వెడల్పున్న కుండ తెచ్చి అరుగు మీద పెట్టింది. ఒక బత్తాయిని ముప్పై అడుగుల దూరంలో పెట్టింది.

“ఈ కుండ మన భూమి అనుకోండి. ఆ బత్తాయి చందమామ. నడుమ ఉన్నది అంత దూరం.”

భూమికీ చంద్రుడికీ మధ్య దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు. రోజుకు 30 కిలోమీటర్లు నడిస్తే, చేరడానికి 35 ఏళ్లు పడుతుంది.

ఈ దూరం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. చంద్రుడు గానుగ ఎద్దులాగా భూమి చుట్టూ తిరుగుతాడు. ఒక చుట్టుకు సుమారు 27 రోజులు. కాని ఆ దారి సరిగ్గా గుండ్రంగా లేదు. భూమి కూడా నడిమధ్యన లేదు, కొంచెం పక్కకు ఉంది. అందుకే చంద్రుడు ఒకసారి సుమారు 3,63,000 కిలోమీటర్ల దగ్గరికి వస్తాడు. ఇంకోసారి సుమారు 4,05,000 కిలోమీటర్ల దూరం పోతాడు. ఇది నెల నెలా జరిగేదే. దగ్గరికి వచ్చినప్పుడు సముద్రంలో పోటు కొంచెం పెరుగుతుంది. మనుషులకు కీడేమీ జరగదు.

“అంత దూరం ఎవరు కొలిచిండ్రు?” అన్నది అవ్వ.

బావిలోకి కేకేస్తే కాసేపటికి ఆ కేక తిరిగి వినిపిస్తుంది. బావి లోతైతే ఆలస్యంగా వినిపిస్తుంది. చంద్రుణ్ని కూడా ఇలాగే కొలిచారు, వెలుగుతో. 1969లో అమెరికా వాళ్లు చంద్రుడి మీద దిగారు. అక్కడ ఒక ప్రత్యేకమైన అద్దం పెట్టి వచ్చారు. భూమి నుంచి లేజరు వెలుగు పంపితే ఆ అద్దానికి తగిలి తిరిగి వస్తుంది. పోయి రావడానికి రెండున్నర సెకండ్లు పడుతుంది. దాన్ని బట్టి దూరం లెక్క కడతారు.

మన దేశం పంపిన చంద్రయాన్-3 కూడా 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. అది మన శ్రీహరికోట నుంచే బయలుదేరింది. దాని మీద కూడా ఇలాంటి చిన్న అద్దాలు ఉన్నాయి.

అలా కొలిస్తే ఇంకో సంగతి తెలిసింది. చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. అంటే ఒకటిన్నర అంగుళం. మన చేతి గోరు ఏడాదిలో దాదాపు అంతే పెరుగుతుంది.

ఎందుకు జరుగుతున్నాడు? చంద్రుడు సముద్రం నీటిని లాగుతాడు. ఆ పోటు భూమి తిరుగుడుకు బ్రేకు పట్టినట్టు పని చేస్తుంది. భూమి పోగొట్టుకున్న ఊపు చంద్రుడికి చేరుతుంది. ఆ ఊపుతో చంద్రుడు పక్కకు జరుగుతాడు. భూమి తిరగడం కూడా రవ్వంత నెమ్మదిస్తుంది. కోట్ల ఏళ్ల కింద మన రోజు ఇప్పటికంటే చిన్నది.

అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నది.

“1980లో పెద్ద గ్రహణం పట్టింది. నేను తొలిచూలు మనిషిని. నన్ను చీకటింట్ల పెట్టి తలుపేసిండ్రు. నీళ్లు కూడ ఇయ్యలేదు. కదిలితే బిడ్డకు మొర్రి వస్తదన్నరు.”

అది 1980 ఫిబ్రవరి 16. ఆ రోజు చంద్రుడు దగ్గరగా ఉన్నాడు. కాబట్టి సూర్యుణ్ని పూర్తిగా మూశాడు. 2019 డిసెంబరు 26న కొంచెం దూరంగా ఉన్నాడు. పూర్తిగా మూయలేకపోయాడు. కేరళలో, తమిళనాడులో సూర్యుడు వెలుగు కంకణంలా కనిపించాడు. గ్రహణమంటే నీడ. నీడ వల్ల కడుపులో బిడ్డకు ఏమీ కాదు. గర్భిణిని ఆకలితో, దాహంతో ఉంచితేనే చెరుపు. సూర్యుణ్ని మాత్రం ఉత్త కళ్లతో చూడకూడదు, కళ్లు దెబ్బతింటాయి. జల్లెడను ఎండలో పడితే నేల మీద గ్రహణం కనిపిస్తుంది.

చందమామ నడినెత్తికి వచ్చాడు. అవ్వ మళ్లీ చెయ్యి చాపింది. చిటికెన వేలు అడ్డం పెట్టింది. చందమామ అదే గోరు వెనక దాగాడు.

అవ్వ లోపలికి చూసి పిలిచింది.

“బిడ్డా, బయటికి రా. నువ్వు కూడ వేలు పెట్టి చూడు.”

ఆలోచించండి, చెప్పండి

1. చంద్రుడు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఎందుకు ఉంటాడు?
2. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు జరిగితే 60 ఏళ్లలో ఎంత జరుగుతాడు? లెక్క చేయండి. అది మీ ఎత్తు కంటే ఎక్కువా, తక్కువా?
3. మీ ఇంట్లో గ్రహణం రోజు గర్భిణిని ఎలా చూసుకుంటారు? ఇక ముందు ఎలా చూసుకుంటారు?